ఊరికే ఉండేవాటి కాపరి

మా గాజు ఫ్యాక్టరీలో ముఖ్యమైనవన్నీ రెండేసి ఉంటాయి. ఒకటి పనిచేస్తుంది, రెండోది ఊరికే ఉంటుంది. కొలిమికి గాలి కొట్టే ఫ్యాన్లు రెండు, చల్లనీళ్లు తిప్పే పంపులు రెండు, కొలిమిని నడిపే కంప్యూటర్లు రెండు. కరెంటుకు తోడుగా గది నిండా బ్యాటరీలు, వాటి వెనకాల లారీ అంత డీజిల్ ఇంజను. పనిచేసేవాటిని చూసుకోవడానికి మేం మూడు వందల మందిమి. ఊరికే ఉండేవాటిని చూసుకోవడానికి బురుల్ ఎజే ఒక్కతే.

ఎజే అంటే మా దగ్గర అక్క. మా ఊరు సారీబులాక్‌లో ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను ఎజే అనే పిలిచేవాళ్లు, గౌరవం కొంత, భయం ఎక్కువ. పొట్టి మనిషి. నూనె మరకల నీలం కోటు, తలకు ఎర్రపూల రుమాలు. నేను కొలిమి దగ్గర షిఫ్టు పెద్దని. నా పేరు తాలాయ్. దారిలో ఎదురైతే, 'మీ మందకి మేతేశారా ఎజే' అని అడగడం నాకో సరదా. 'వేశాను, నీకన్నా అవే నయం, తిండి తక్కువ' అనేది ఆమె, నడక ఆపకుండానే.

మా జనానికి ఊరికే ఉన్న వస్తువును చూస్తే నిద్రపట్టదు. కట్టేసి ఉంచిన గుర్రం, తాళం వేసిన గది, బోర్లించి పెట్టిన గుండిగ, ఇవన్నీ పాపం కింద లెక్క. ఊళ్లో పెళ్లి పెట్టుకుని ఎవరైనా వచ్చి అడిగితే లేదనడం పాపం కూడా కాదు, సిగ్గు. పాపాన్ని దేవుడు క్షమిస్తాడేమోగానీ సిగ్గును ఊరు క్షమించదు. అందుకే వెనకటి రోజుల్లో మా డీజిల్ ఇంజనుకు చక్రాలుండేవి. ఫ్యాక్టరీ కరెంటు పోతే పనికొస్తుందని కొన్న ఇంజను పెళ్లిళ్లకు తిరగడానికి వీలుగా బండి మీద ఎక్కించిన ఘనత మాది. దాని పొగగొట్టానికి తెల్లగుడ్డ కట్టి, పెద్దలు చేతులు చాపి దీవించి మరీ సాగనంపేవాళ్లు. అది కదిలొస్తే పాట, దీపాలు, మాంసం పాడవకుండా ఉంచే ఫ్రిజ్, అన్నీ వచ్చినట్టే.

పదిహేడేళ్ల కిందట ఒక ఫిబ్రవరిలో అది అలాగే నలభై కిలోమీటర్ల అవతలికి పెళ్లికి వెళ్లింది. గేటు దగ్గర ఇచ్చే కాగితం మీద సంతకం బురుల్ ఎజేదే. మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది, రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. మా కొలిమి మండేది గ్యాసుతోనే అయినా, గాలి కొట్టే ఫ్యాన్ తిరక్కపోతే మంట నిలవదు. మంట లేకపోతే లోపలున్న గాజు బెల్లం పాకంలా చిక్కబడి, ఆ తర్వాత రాయవుతుంది. రాయి అవుతూ చుట్టూ ఉన్న ఇటుకల్ని చీలుస్తుంది. ఆ పటపటలు మేమంతా గోడవతల నిలబడి విన్నాం. చేయగలిగింది ఏమీ లేదు. ఆ కొలిమిని పగలగొట్టి, మళ్లీ కట్టి, మళ్లీ వెలిగించడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఎనిమిది నెలల్లో సగం ఊరు రష్యాకు మేస్త్రీ పనులకు పోయింది. కొందరు తిరిగొచ్చారు. బురుల్ ఎజే భర్త రాలేదు, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. 'అన్నీ రెండేసి ఉండాలని నేను ఫ్యాక్టరీ గురించి అంటుంటే ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు' అని ఆమే చెప్పి నవ్వేది. మాకు నవ్వు వచ్చేది కాదు.

ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనడానికి మొహాలెక్కడివి, ఆ పెళ్లి మాంసం అందరం తిన్నాం. ఆమెను ఆమే వదల్లేదు. కొత్త కొలిమి వెలిగించబోయే ముందురోజు పానాలు పట్టుకుని కూర్చుని ఇంజను చక్రాలు ఊడదీసింది, ఇంజనును దిమ్మె మీదికి దింపించి చుట్టూ కాంక్రీటు పోయించింది. మరుసటి వారం పెళ్లివాళ్లు వచ్చి అడిగితే, చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి, కావాలంటే అవి తీసుకుపొమ్మంది.

అక్కడితో ఆగితే ఆమె బురుల్ ఎజే ఎందుకవుతుంది. నెలకోసారి, ఏ రోజో ఏ గంటకో ఎవరికీ చెప్పకుండా, వెళ్లి ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటిచ్చే మీట కిందికి లాగేసేది. అప్పుడు బ్యాటరీలు అందుకోవాలి, పధ్నాలుగు సెకన్లలో ఇంజను లేవాలి, ఫ్యాన్లు మళ్లీ తిరగాలి. అన్నీ సరిగ్గా జరిగినా ఆ పధ్నాలుగు సెకన్లకు సీసాలు పోసే యంత్రం తడబడి, ఐదారు వందల సీసాలు ముడతలు పడి చెత్తలోకి పోయేవి. తిట్లు తినేది నేను. కొత్త యజమానులు వచ్చాక డైరెక్టరైన మెదెర్‌బెక్ ఒకరోజు నిలబెట్టి అడిగాడు, రోగం లేని మనిషి గుండెను నెలనెలా ఆపి చూస్తారా ఎవరైనా అని. ఆమె రుమాలు సర్దుకుంది.

"ఆపి చూడకపోతే, అది ఆగిన రోజున మళ్లీ కొట్టుకుంటుందని మీకెవరు చెప్పారు, బైకే?"

బైకే అంటే అన్న. వయసులో అతను ఆమెకన్నా పదేళ్లు చిన్న. ఆ పిలుపులో గౌరవం ఎంతుందో అతనికి తెలియక, ఆ పూటకు ఊరుకున్నాడు.

మూడేళ్ల కిందట శీతాకాలంలో అసలు పరీక్ష వచ్చింది. ఆమె సొంత అన్న జుమాబెక్ కోక్‌తోబేలో ఉంటాడు. ఆమెకు ఆరేళ్లప్పుడు తండ్రి పోతే పెంచింది ఆయనే. ఉన్న రెండు గుర్రాల్లో ఒకటి అమ్మి కరెంటు చదువు చదివించిందీ ఆయనే. ఆయన చిన్న కొడుకు ఎర్లాన్ మా కొలిమి దగ్గరే పనిచేసేవాడు. వాడి పెళ్లి కుదిరింది. ఆ ఏడు పల్లెల్లో రోజూ కరెంటు కోతలు. జుమాబెక్ చెల్లెలి దగ్గరికి వచ్చి, ఇంజను ఎలాగూ కదలదు, బ్యాటరీలు నలభై ఉన్నాయటగా, పదిస్తే పాటకీ దీపాలకీ సరిపోతాయి, ఆదివారం పొద్దున్నే తెచ్చి అప్పగిస్తానన్నాడు. ఆమె ఇవ్వనంది. టీ పోసింది, రొట్టె తుంచి పెట్టింది, ఇవ్వనని మళ్లీ చెప్పింది. జుమాబెక్ టీ ముట్టకుండా లేచి తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు. పెళ్లిలో తండ్రి తర్వాత తండ్రంతటి స్థానం ఒకటుంటుంది, దాన్ని మెదెర్‌బెక్‌కు ఇస్తానన్నాడు. ఎవరు కాదంటారు?

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెప్తాను. బ్యాటరీ గదికి తాళంచెవులు రెండు. ఒకటి ఆమె దగ్గర, రెండోది షిఫ్టు పెద్ద దగ్గర. ఆ నియమం పెట్టింది ఆమే. పెళ్లికి ముందురోజు, శుక్రవారం సాయంత్రం, ఆమె ఇంటికెళ్లాక డైరెక్టరు నన్ను పిలిచి గది తెరవమన్నాడు. తెరిచాను. డైరెక్టరు మాటకు ఎదురుచెప్పే దమ్ము లేదు, పైగా నలభైలో పది తీస్తే ముప్పై మిగులుతాయి కదా అనుకున్నాను. చిన్నపిల్లల లెక్కల పుస్తకంలో అది నిజం. కరెంటు దగ్గర కాదు. ఆ నలభై ఒక గొలుసు. మధ్యలో పది లంకెలు తీసిన గొలుసుకు ఏదీ వేలాడదు. గదిలో హెచ్చరిక గంట మోగుతుంటే దాన్నీ నా చేత్తోనే నొక్కి ఆపాను.

శనివారం ఉదయం ఆమె మేనల్లుడి పెళ్లికి బయల్దేరింది. ముదురాకుపచ్చ మఖమల్ గౌను, మీద మంచి కోటు. ఎక్కడికెళ్లినా ఫ్యాక్టరీలో ఒకసారి తొంగిచూడనిదే ఆమె కాలు ముందుకు పడదు. బ్యాటరీ గది తలుపు తీసింది. పది ఖాళీ గూళ్లు చూసింది. నన్ను పిలిచింది. నేను నేల చూశాను. డైరెక్టరు చెప్పాడన్నాను. గది తీసింది ఎవరని ఆమె అడగలేదు. లారీ తెమ్మంది, నన్ను ఎక్కమంది.

మేం వెళ్లేసరికి పందిట్లో భోజనాలు మొదలయ్యాయి. పళ్లేల్లో ఎవరి వరసకు తగ్గ ఎముక వాళ్లకు పెడుతున్నారు, మేనత్తకు దక్కాల్సిన ముక్క పక్కన తీసి ఉంచారు. ఆమె ఎవరినీ చూడలేదు. నేరుగా పాటగాడి వెనక్కి వెళ్లి బ్యాటరీల తీగలు ఒక్కొక్కటే ఊడబీకింది. పాట సగంలో ఆగింది. దీపాలు ఆరాయి. పందిట్లో ఉన్న మూడు వందల మంది ఇటు తిరిగారు. పెళ్లికూతురు తెర వెనక నుంచి చూసింది. జుమాబెక్ నెమ్మదిగా నడిచొచ్చాడు.

"ఏం చేస్తున్నావే బురుల్?"

"నా బ్యాటరీలు తీసుకెళ్తున్నా, బైకే."

"రేపు పొద్దున్నే తెచ్చిస్తానన్నాగా. ఒక్క పూట."

"పోయినసారీ ఒక్క పూటే, బైకే. సంతకం నాదే."

"ఇంతమంది ముందు నా తల తీసేస్తున్నావు."

"మీ తలకి నా తల ఇస్తాను. కొలిమికి ఇంకో కొలిమి నా దగ్గర లేదు."

మెదెర్‌బెక్ పెద్దల వరసలో కూర్చుని పళ్లెంలోకే చూస్తున్నాడు.

"సరే, పట్టుకుపో," అన్నాడు జుమాబెక్. "వాటితోపాటు ఇంకోటి కూడా పట్టుకుపో. ఇవాళ్టినుంచి నీకు అన్న లేడు."

ఒక్కో బ్యాటరీ ముప్పై కిలోలు. మఖమల్ గౌనుతోనే ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస నేను. సాయానికి ఒక్కరూ లేవలేదు. పదీ లారీ ఎక్కించాం. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడ్డాక, 'పిల్ల బాగుంది కదా' అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆ శనివారం ఫ్యాక్టరీలో కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. ఆదివారం పోలేదు. ఆ శీతాకాలమంతా పోలేదు. ఊరు నవ్వింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, రాని కరెంటు కోతకోసం అన్నను పోగొట్టుకుందన్నారు. మరుసటి ఏడూ పోలేదు. పోతే బాగుండని నేనే లోపల్లోపల కోరుకున్నాను, ఆమె మాట నెగ్గాలని. అంతకన్నా తెలివితక్కువ కోరిక ఇంకోటి ఉండదు.

పెళ్లి తర్వాతి సోమవారం ఉదయమే వెళ్లి రెండో తాళంచెవి ఆమె బల్ల మీద పెట్టాను. తెరిచింది నేనేనని చెప్పాను. తెలుసంది. అంతదాకా అడక్కుండా ఉన్నది నా నోటితో వినాలనేమో. చెవిని వేలితో నా వైపు తోసింది.

"ఇది నీ దగ్గరే ఉండాలి. నాకేదైనా అయిన రోజున తలుపు ఎవడు తీస్తాడు?"

"నేను తప్పు చేశాను ఎజే. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరికైనా ఇస్తే వాడు మొదటి తప్పు ఇంకా చేసి ఉండడు. నీదీ నాదీ అయిపోయింది." అని, పని అయ్యాక రోజూ ఒక గంట తన దగ్గరికి రమ్మంది.

అప్పుడు తట్టింది నాకు. అన్నీ రెండేసి ఉన్న ఫ్యాక్టరీలో రెండోది లేనిది ఆమె ఒక్కతే. జ్వరం వచ్చినా మందుబిళ్ల వేసుకుని వచ్చేది. చక్రాలు ఊడదీసిన నాటి నుంచి, ఆ పెళ్లి ప్రయాణం తప్ప, ఊరు దాటి వెళ్లలేదు. మాకు తమాషాగా కనిపించిన మొండితనం అడుగున అంత భయం ఉందని ఎన్నడూ అనుకోలేదు.

రెండేళ్లు నన్ను ఉతికి ఆరేసింది. ఇంజను మీటతో లేవకపోతే రెండో దారి ఉంటుంది, ఒత్తిడి పట్టించిన గాలిసీసా. ఇత్తడి మర తిప్పితే ఆ గాలే ఇంజనును తోసి లేపుతుంది. దాన్ని కళ్లు మూసుకుని తిప్పడం నేర్పింది, ఎందుకంటే కరెంటు పోతే దీపమూ పోతుంది. తర్వాత వరస. ముందు చల్లనీళ్లు, తర్వాత గాలి, ఆ తర్వాతే మంట. వరస తప్పితే కొలిమిని మన చేతుల్తో మనమే చంపినట్టు. మూడుసార్లు వరస తప్పాను. మూడుసార్లూ, 'ఇప్పుడు మూడు వందల మందిని రష్యా రైలెక్కించావు' అంది. నేను లగ్‌మాన్ నూడుల్స్ గిన్నె ముందేసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే సమయమే చూసి మీట లాగేది. నా కడుపులో పుండుకు సగం కారణం ఆమే.

ఈ జనవరిలో ఎర్లాన్ కొడుకు నడవడం మొదలెట్టాడు. మా దగ్గర తొలి అడుగులు వేసిన బిడ్డ కాళ్లకు దారం కట్టి, పరుగు పందెంలో గెలిచినవాళ్ల చేత దాన్ని కోయిస్తారు, ఇక జీవితంలో తట్టుకోకుండా నడవాలని. జుమాబెక్ కబురు పంపాడు. ఒక్కటే మాట, మేనత్త లేకుండా దారం కోయం అని. ఎర్లాన్ ఆ మాట చెప్తుంటే ఆమె వాడి మొహం చూడలేదు, నా మొహం చూసింది.

"పొద్దున్నించి సాయంత్రం దాకా. ఉంటావా?"

ఉంటానన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. అదే మఖమల్ గౌను వేసుకుని వెళ్లింది.

పదకొండూ నలభైకి కరెంటు పోయింది. మా ఊరిదే కాదు, దేశమంతటిదీ, పక్క దేశాలదీ. బయట సున్నాకు పంతొమ్మిది డిగ్రీలు కింద. దీపాలు ఆరాయి, ఫ్యాన్లు నిలిచాయి, మంట పడిపోయింది. బ్యాటరీలు కంప్యూటర్లను పట్టుకున్నాయి. పధ్నాలుగు సెకన్లు లెక్కపెట్టాను. ఇంజను లేవలేదు. తనంతట తాను మూడుసార్లు దగ్గి, చలికి బిగుసుకుని ఊరుకుంది. బ్యాటరీలు నిలిచేది ఇరవై నిమిషాలు, అవి పోతే కంప్యూటర్లూ పోతాయి, ఇక మంట వెలగదు, పాకం రాయవుతుంది.

పరిగెత్తాను. చీకట్లో ఇత్తడి మర చేతికి తగిలింది. చేతి తొడుగు జారుతుంటే పళ్లతో లాగి పారేసి, ఒట్టి చేత్తో తిప్పాను. అరచేతి తోలు దానికి అంటుకుని వచ్చింది. గాలి బుస్సుమంది, ఇంజను ఒకసారి ఉలిక్కిపడి, లేచింది. నీళ్లు. గాలి. మంట. నోటితో పైకి అనుకుంటూ వరసగా మీటలు ఎత్తాను. అంతా నాలుగు నిమిషాలు. ఈ గొడవలో మొదటి కంప్యూటరు తెర తెల్లబోయిందట, రెండోది అందుకుందట. ఆ సంగతి సాయంత్రం దాకా ఎవరూ గమనించలేదు. అంత సద్దు లేకుండా జరిగింది.

ఐదు గంటల పది నిమిషాలు ఇంజను మీద నడిచాం. మెదెర్‌బెక్ వచ్చి ముందు ఎజే ఎక్కడని అడిగాడు. లేదంటే మొహం పాలిపోయింది. తర్వాత మంచి కోటు విప్పి గేటు మీద వేసి, మాతో పాటు డీజిల్ డబ్బాలు మోశాడు. ఇంజను గదిలో అతను అడుగుపెట్టడం అదే మొదలు. ఫోన్లు పనిచేయలేదు. నేను పది నిమిషాలకోసారి గేటు వైపు చూశాను. కోక్‌తోబే నలభై కిలోమీటర్లే కదా, ముప్పావుగంట. రెండయింది. మూడయింది. నాలుగయింది. ఆమె రాలేదు. కరెంటు వచ్చాక కూడా రాలేదు.

మర్నాడు పొద్దున ఏడింటి మినీబస్సుకు దిగింది, చేతిలో నూనెలో వేయించిన బొర్సోకు రొట్టెముక్కల సంచితో. నా అరచేతికి కట్టు ఉంది, కళ్లు మండుతున్నాయి. నేను అరిచాను. జీవితంలో ఆమె మీద అరవడం అదొక్కసారే. దేశం చీకటైపోతే, కొలిమి చచ్చిందో బతికిందో తెలియకుండా ఎలా కూర్చోగలిగారని అడిగాను.

ఆమె వెనకే దిగిన ఎర్లాన్ నన్ను పక్కకు లాక్కెళ్లి చెప్పాడు. దీపాలు ఆరగానే ఇంట్లో అందరూ అత్తనే చూశారట. జుమాబెక్ కారు తాళాలు తీసుకుని, లే, దిగబెడతానన్నాడట. ఆమె లేచి కోటులో ఒక చెయ్యి దూర్చిందట. అలాగే నిలబడి, నిలబడి, ఆ చెయ్యి మళ్లీ బయటికి తీసేసి, 'తాలాయ్ ఉన్నాడు' అని కూర్చుందట. దారం కోయించారు. పిల్లవాడు నడిచాడు. ఆమె టీ గిన్నె రెండు చేతులా పట్టుకుని ఐదు గంటలు కూర్చుంది. ఆమె అన్న పక్కనే కూర్చుని, టీ చల్లారినప్పుడల్లా పారబోసి వేడిది పోస్తూనే ఉన్నాడట.

నేను తిరిగి ఆమె దగ్గరికి వెళ్లాను. లాగ్‌బుక్కు తెరిచి నా రాత చదువుతోంది. నాలుగు నిమిషాలు ఎక్కువంది. ఇంజను దగ్గర రాత్రుళ్లు వెచ్చగా ఉంచే పొయ్యి ఒకటి పెట్టాలంది, ఆ తప్పు తనదంది. నా కట్టు వైపు చూసి, మళ్లీ పుస్తకంలోకి వంగింది. కొంతసేపటికి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"సాయంత్రమే బయల్దేరదామనుకున్నా. కరెంటొచ్చింది, దీపం వెలిగింది, అలాగే ఒరిగిపోయాను. పదిహేడేళ్లుగా రాత్రుళ్లు ఏ చప్పుడైనా, చప్పుడు ఆగినా, లేచి కూర్చునేదాన్ని. ఇవాళ పొద్దున మా అన్న భుజం పట్టుకుని లేపితేగానీ లేవలేదు, తాలాయ్."

నేను వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టాను, ఆమెకు టీ కలపడానికి.